బూట్లకు సరే.. భోజనానికి కాదు!

ఆస్ట్రేలియాలో చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసేవాళ్లు రోజువారీ ఖర్చుల్లో ఏవి పన్ను లెక్కలో చూపించొచ్చు? ఏవి చూపిస్తే చిక్కుల్లో పడతారు?

జులై రెండో వారం అనుకుందాం. మెల్‌బోర్న్ శివార్లలో మన కుర్రాళ్లు నలుగురు అద్దెకుంటున్న ఇల్లు. రాత్రి షిఫ్ట్ ముగించుకుని వచ్చి అన్నంలో పచ్చడి కలుపుకుంటుండగా ఒకడు ఫోన్ చూపించాడు. ‘పద్దెనిమిది వందల డాలర్లు రిఫండ్ పడింది రా!’ పక్కవాడికి వచ్చింది ఏడొందలే. ఇద్దరిదీ ఒకే వేర్‌హౌస్, ఒకే జీతం, ఇద్దరికీ రెండో ఏడాదే. ‘నువ్వేం క్లెయిమ్ చేశావ్?’ అంటే, ‘నాకేం తెలుసు? తెలిసినవాడొకడున్నాడు. లాగిన్ ఇచ్చా, వాడే చేసిపెట్టాడు. వచ్చిందాంట్లో ఇరవై శాతం తీసుకున్నాడంతే’ అన్నాడు మొదటివాడు.

ఆ రాత్రి ఏడొందలు వచ్చినవాడికి నిద్ర పట్టదు. తను అమాయకుడిలా మిగిలిపోయానేమో అనిపిస్తుంది. రేపు మీరు అక్కడికి వెళ్తే మీ ఇంట్లోనూ ఇలాంటి మాటలే వినపడతాయి. అందుకే ఇప్పుడే లెక్క తెలుసుకోండి. పెద్ద విద్యేం కాదు, ఇంటర్ స్థాయి శాతాలు వస్తే చాలు.

తగ్గేది ఆదాయం.. పన్ను కాదు

అక్కడ ఆర్థిక సంవత్సరం మనలా ఏప్రిల్‌లో మొదలవదు. జులై 1 నుంచి జూన్ 30 వరకూ. యజమాని ప్రతి జీతంలోనూ కొంత పన్ను కోసి ఏటీఓకి, అంటే ఆస్ట్రేలియా పన్నుల శాఖకి కడుతుంటాడు. జూన్ ముగిశాక మీరు రిటర్న్ దాఖలు చేస్తే అసలు కట్టాల్సింది ఎంతో తేలుతుంది. ఎక్కువ కోసి ఉంటే తిరిగొస్తుంది. రిఫండ్ అంటే అదే. ప్రభుత్వం ఇచ్చే కానుకేమీ కాదు, మీ డబ్బే మీకు వస్తుంది.

2024-25 లెక్కల ప్రకారం పన్ను విషయంలో ఆస్ట్రేలియా నివాసిగా ఉన్నవాళ్లకు తొలి 18,200 డాలర్లపై పన్ను లేదు. అక్కడి నుంచి 45,000 దాకా 16 శాతం, ఆపైన 1,35,000 దాకా 30 శాతం. దీనికి తోడు 37,500 డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు కట్టాల్సిన పన్నులో 700 డాలర్ల వరకూ రాయితీ దానంతటదే వస్తుంది. అంటే పూర్తి ఏడాది అక్కడే ఉన్నవాళ్లు దాదాపు 22,500 డాలర్ల వరకూ సంపాదించినా ఆదాయ పన్ను సున్నాయే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏడాదికి 20,000 సంపాదించే విద్యార్థి ఒక్క రసీదు చూపించకపోయినా, కోసిన ఆదాయ పన్నంతా తిరిగొస్తుంది. రసీదులు కట్టలుకట్టలుగా చూపించినా అంతకన్నా ఒక్క డాలర్ ఎక్కువ రాదు. కోయని పన్ను తిరిగి రాదు కదా!

ఇప్పుడు మన వేర్‌హౌస్ కుర్రాళ్ల సంగతి చూద్దాం. ఇద్దరి సంపాదనా 32,000 అనుకోండి. వాళ్లు 16 శాతం శ్లాబులో ఉన్నారు. వంద డాలర్ల ఖర్చు చూపిస్తే మిగిలేది 16 డాలర్లు. వంద ఖర్చుపెడితే వంద తిరిగొస్తుందనుకునేవాళ్లు ఎంతమందో! మినహాయింపు తగ్గించేది ఆదాయాన్ని. పన్ను తగ్గేది అందులో మీ శ్లాబు శాతం మేరకే. మరి మొదటివాడికి పదకొండు వందలు ఎక్కువ రావాలంటే ఎంత ఖర్చు చూపించి ఉండాలి? 1,100ని 16 శాతంతో భాగించండి. దాదాపు ఏడు వేల డాలర్లు! వేర్‌హౌస్‌లో డబ్బాలు సర్దే కుర్రాడు ఉద్యోగం కోసం సొంత జేబులోంచి ఏడు వేలు ఖర్చు పెట్టాడట. అది మీరే నమ్మరు, ఏటీఓ నమ్ముతుందా?

ముందు మీరు ‘నివాసి’ అవునా?

ఆరు నెలలు, అంతకన్నా ఎక్కువ కాలం సాగే కోర్సులో చేరి అక్కడే ఉండి చదువుకునే విద్యార్థులను పన్ను వరకూ సాధారణంగా నివాసులుగానే చూస్తారు. వీసా స్టూడెంట్‌దే అయినా సరే. ఇది పెద్ద ఊరట. ఎందుకంటే నివాసి కాని వాళ్లకు తొలి డాలర్ నుంచే 30 శాతం పన్ను.

అయితే మొదటి ఏడాది 18,200 పూర్తిగా దక్కదు. ఏడాది మధ్యలో దిగితే పన్ను లేని పరిమితి 13,464 డాలర్లు, దానికి మీరు అక్కడున్న నెలలను బట్టి 4,736లో కొంత వాటా కలుస్తుంది. ఫిబ్రవరిలో దిగినవాళ్లకు జూన్ దాకా ఐదు నెలలు. అంటే 15,437 డాలర్లు. తొలి ఏడాది ఐదు నెలల్లో అంత సంపాదించేవాళ్లు తక్కువే కాబట్టి కంగారు అక్కర్లేదు.

దిగిన వారంలోనే టీఎఫ్ఎన్‌కు, అంటే ట్యాక్స్ ఫైల్ నంబర్‌కు దరఖాస్తు చేసుకోండి. దీనికి ఫీజు లేదు. ఆ నంబర్ ఇవ్వకపోతే యజమాని 47 శాతం కోసేస్తాడు. రెండు చోట్ల పనిచేస్తుంటే ‘పన్ను లేని పరిమితి నాకు వర్తిస్తుంది’ అని ఒక్క చోటే టిక్ పెట్టాలి. రెండు చోట్లా పెడితే నెలనెలా చేతికి ఎక్కువే వస్తుంది కానీ, జూన్ తర్వాత రిఫండ్ బదులు బాకీ తేలే ప్రమాదముంది.

ఏ ఖర్చు లెక్కకొస్తుంది?

మూడు షరతులున్నాయి. ఖర్చు మీ జేబులోంచి పెట్టి ఉండాలి, యజమాని తిరిగి ఇచ్చి ఉండకూడదు. ఆ ఖర్చుకీ, మీరు సంపాదించే జీతానికీ నేరుగా సంబంధం ఉండాలి. దాన్ని చూపించడానికి ఆధారం ఉండాలి. వినడానికి తేలికే. కానీ రెండో షరతు దగ్గరే అందరూ జారిపడతారు. ‘ఉద్యోగానికి వెళ్తున్నా కాబట్టే కదా ఈ ఖర్చు’ అన్న వాదన అక్కడ చెల్లదు. ఉద్యోగానికి వెళ్లడానికి అయ్యే ఖర్చు వేరు, ఉద్యోగం చేయడంలో అయ్యే ఖర్చు వేరు.

బూట్లతో మొదలుపెడదాం. వేర్‌హౌస్‌లో కాలి మీద బరువు పడినా దెబ్బ తగలకుండా ముందు భాగంలో ఉక్కు ఉండే బూట్లు వేసుకోమంటారు. మీరే కొనుక్కుంటే లెక్కకొస్తాయి. రక్షణ కోసం వేసుకునేవి కాబట్టి. అదే కేఫ్‌లో వెయిటర్‌గా చేస్తూ ‘నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకు రా’ అన్నారని కొన్నవి రావు. అవి బయట కూడా వేసుకోగల మామూలు బట్టలే. డ్యూటీకి తప్ప ఇంకెక్కడికీ వేసుకోకపోయినా అంతే. కంపెనీ లోగో కుట్టిన యూనిఫాం చొక్కాకు మీరు డబ్బు కడితే అది వస్తుంది. దాని కింద వేసుకునే మామూలు నల్ల ప్యాంటు రాదు. ఒకే మనిషి ఒంటి మీద పైది వస్తుంది, కిందది రాదు. వింతే గానీ రూలు అది.

ఆ యూనిఫాం ఉతుక్కుంటే దానికీ లెక్కుంది. కేవలం పని బట్టలే వేసిన వాషింగ్ మెషీన్ విడతకు ఒక డాలర్, ఇంటి బట్టలతో కలిపి వేస్తే 50 సెంట్లు. వారానికి ఒకసారి కలిపి ఉతికితే ఏడాదికి పాతిక డాలర్లు తేలుతుంది. 16 శాతం శ్లాబులో ఉన్నవాడికి మిగిలేది నాలుగు డాలర్లు. ఒక కాఫీ కూడా రాదేమో!

ప్రయాణం సంగతి. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి అయ్యే ఖర్చు రాదు. ఎంత దూరమైనా, తెల్లవారుజామున నాలుగింటికి బస్సుల్లేక క్యాబ్‌లో వెళ్లినా రాదు. కానీ పొద్దున కేఫ్‌లో షిఫ్ట్ చేసి అక్కడి నుంచి నేరుగా సూపర్ మార్కెట్‌లో రెండో ఉద్యోగానికి వెళ్తే మధ్యలో ట్రామ్ చార్జీ వస్తుంది. దారిలో ఇంటికొచ్చి స్నానం చేసి వెళ్తే మాత్రం రాదు. వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవలందించే ఉద్యోగాల్లో మన విద్యార్థులు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి సొంత కారులో వెళ్లిన దూరం లెక్కకొస్తుంది. 2024-25లో కిలోమీటరుకు 88 సెంట్లు, ఏడాదికి 5,000 కిలోమీటర్లు మించకుండా. పొద్దున మీ ఇంటి నుంచి మొదటి ఇంటికి వెళ్లిన దూరం అందులో కలపకూడదు. యజమాని దానికి విడిగా అలవెన్స్ ఇస్తుంటే అదీ ఆదాయంలో చూపించాలి.

భోజనం? మామూలు షిఫ్ట్‌లో తిన్న శాండ్‌విచ్, తాగిన కాఫీ మీ సొంత ఖర్చే. జిమ్ ఫీజూ అంతే. ట్రాఫిక్ జరిమానా డ్యూటీలో పడినా సరే, రాదు.

ఉద్యోగం వెతుక్కునే మీలాంటి వాళ్లకు చేదుగా ఉండే సంగతి ఇంకోటుంది. తొలి ఉద్యోగం తెచ్చుకోవడానికి పెట్టిన ఖర్చేదీ లెక్కకు రాదు. ఇంటర్వ్యూకి కొన్న కోటు, బార్‌లో పనిచేయాలంటే మొదటిసారి తీసుకునే సర్టిఫికెట్, పోలీస్ వెరిఫికేషన్, వీసా ఫీజు.. ఇవన్నీ ఉద్యోగం రాకముందువి. అదే సర్టిఫికెట్‌ను ఉద్యోగంలో ఉండగా రెన్యువల్ చేయిస్తే ఆ ఫీజు వస్తుంది.

మరి లక్షలు పోసి కట్టిన యూనివర్సిటీ ఫీజు? అందరూ అడిగేది ఇదే. చదువుకీ, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికీ సంబంధం ఉంటేనే వస్తుంది. ఐటీలో మాస్టర్స్ చదువుతూ పెట్రోల్ బంకులో క్యాషియర్‌గా చేస్తే రాదు. ‘చదువు అయ్యాక ఐటీలోనే కదా చేరేది’ అంటే, చేరినప్పటి మాట అప్పుడు. ముందుముందు రాబోయే ఉద్యోగానికి ఇవాళ్టి ఫీజు పనికిరాదు.

బిల్లు అక్కర్లేదు.. ఖర్చు అక్కర్లేదని కాదు

‘మూడొందల డాలర్ల దాకా బిల్లులు అడగరు, కళ్లు మూసుకుని వేసెయ్’ అని ఎవరో ఒకరు చెప్తారు. ఇందులో సగమే నిజం. ఉద్యోగానికి సంబంధించిన ఖర్చుల మొత్తం 300 దాటకపోతే రసీదులు ఉండాలని పట్టుబట్టరు. కానీ ఆ డబ్బు మీరు నిజంగా ఖర్చు పెట్టి ఉండాలి. ఎలా లెక్కేశారో అడిగితే చెప్పగలగాలి. ఏమీ కొనకుండా 300 వేస్తే అది అబద్ధపు క్లెయిమే. ఇంకో మెలిక. మొత్తం 301 అయితే ఆ ఒక్క డాలర్‌కు కాదు, మొత్తానికీ ఆధారాలు కావాలి.

అబద్ధం ఆడినందుకు దక్కేది కూడా చూడండి. 300లో 16 శాతం అంటే 48 డాలర్లు. రెండు గంటల కూలి. దాని కోసం ప్రభుత్వ రికార్డులో తప్పుడు మాట రాయడం అవసరమా?

డెలివరీ చేసేవాళ్ల లెక్క వేరు

ఫుడ్ డెలివరీ యాప్‌లలో చేసేవాళ్లను చాలాచోట్ల ఉద్యోగులుగా కాకుండా సొంత వ్యాపారులుగా చూస్తారు. ఏబీఎన్ అనే వ్యాపార నంబర్ తీసుకుని చేస్తారు. మీ డబ్బులోంచి ఎవరూ పన్ను కోయరు. వారం వారం చేతికొచ్చేదంతా మీదే అనిపిస్తుంది, జూన్ అయ్యాక తెలుస్తుంది. ఇక్కడ ఖర్చుల లెక్క నిజంగా విలువైనది. డెలివరీ బ్యాగు, యాప్ కోసుకున్న కమీషన్, సైకిల్ రిపేర్లలో పని వాటా, ఫోన్ బిల్లులో పని వాటా చూపించొచ్చు. ఆదాయం మాత్రం కమీషన్ పోను వచ్చింది కాకుండా మొత్తం చూపించాలి.

‘యాప్‌లో వచ్చింది ఎవరికి తెలుస్తుందిలే’ అనుకోకండి. 2024 జులై నుంచి ఈ వేదికలు తమ ద్వారా ఎవరెంత సంపాదించారో ఏటీఓకి చెప్పాలి. ట్యాక్సీ తరహా రైడ్ యాప్‌లకైతే అది 2023 జులై నుంచే ఉంది. ఆ రైడ్ యాప్‌లలో కారు నడిపేవాళ్లు మొదటి రోజు నుంచే జీఎస్టీలో నమోదు చేసుకోవాలి. భోజనం మోసేవాళ్లకు ఏడాదికి 75,000 డాలర్లు దాటితేనే. స్టూడెంట్ వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో పద్నాలుగు రోజులకు 48 గంటలే పనిచేయాలన్న నియమం సంగతి తెలిసిందే కదా. ఇవి కూడా అందులోకే వస్తాయి.

అన్నట్టు, మెల్‌బోర్న్‌లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేస్తూ జీతం మన బ్యాంకులో వేయించుకునేవాళ్లున్నారు. పని ఆస్ట్రేలియా గడ్డ మీద చేశారు కాబట్టి అదీ అక్కడ చూపించాల్సిందే. ఇక్కడి ఖాతాలో నాన్న వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ మాత్రం తాత్కాలిక వీసాలో ఉన్నంతకాలం సాధారణంగా అక్కడ పన్నులోకి రాదు.

అసలు ఉద్యోగం వచ్చాక..

చదువు ముగిసి ఐటీలోనో అకౌంట్స్‌లోనో చేరి 70,000 జీతం అందుకుంటే శ్లాబు 30 శాతానికి మారుతుంది. ఇప్పుడు వెయ్యి డాలర్ల నిజమైన ఖర్చుకు 300 మిగులుతుంది. ఇంటి నుంచి పనిచేస్తే 2024-25లో గంటకు 70 సెంట్లు చూపించొచ్చు. వారానికి రెండు రోజులు, రోజుకు ఏడున్నర గంటలు, 46 వారాలు వేసుకుంటే 690 గంటలు, 483 డాలర్లు. కానీ ఏడాది పొడుగునా ఏ రోజు ఎన్ని గంటలు చేశారో రాసిపెట్టి ఉండాలి. జూన్‌లో కూర్చుని ఉజ్జాయింపుగా వేస్తే కుదరదు. ఆ 70 సెంట్లలోనే కరెంటు, ఇంటర్నెట్, ఫోన్ కలిసి ఉంటాయి కాబట్టి ఫోన్ బిల్లు మళ్లీ విడిగా వేయకూడదు. పని కోసం కొన్న కుర్చీ, మానిటర్ వేరే. ధర 300 డాలర్ల లోపైతే పని వాటా అదే ఏడాది, ఎక్కువైతే కొన్నేళ్లకు పంచి చూపిస్తారు.

పద్దెనిమిది వందలు వచ్చినవాడి సంగతి

రిఫండ్ ఖాతాలో పడగానే కథ ముగిసిపోదు. మామూలు జీతగాళ్ల రిటర్న్‌ను ఏటీఓ రెండేళ్ల వరకూ తిరగదోడొచ్చు. మోసం అని తేలితే ఆ గడువూ లేదు. అదే ఉద్యోగం, అదే జీతం ఉన్న మిగతావాళ్లు ఎంత చూపిస్తున్నారో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. వేర్‌హౌస్‌లో ఏడు వేలు చూపించినవాడు విడిగా కనపడతాడు. ఒకరోజు ఉత్తరం వస్తుంది, రసీదులు పంపమని.

లేవు. ఎగ్గొట్టిన 1,120 డాలర్లు కట్టాలి. నిర్లక్ష్యమైతే దాని మీద 25 శాతం, ఏమైతే అదే అయిందన్న ధోరణైతే 50, తెలిసే చేశారనుకుంటే 75 శాతం జరిమానా. 75 అయితే 840 డాలర్లు. పైన వడ్డీ. ‘తెలిసినవాడు’ తీసుకున్న 360 ఎలాగూ తిరిగి రాదు. వాడి పేరు రిటర్న్ మీద ఎక్కడా ఉండదు. మీ లాగిన్‌తో చేశాడు కాబట్టి చట్టం దృష్టిలో దాఖలు చేసింది మీరే. అందుకే మైగవ్ పాస్‌వర్డ్ రూమ్మేట్‌కైనా ఇవ్వకండి. డబ్బు తీసుకుని ఇతరుల రిటర్నులు వేయాలంటే నమోదైన ట్యాక్స్ ఏజెంట్ అయి ఉండాలి. ట్యాక్స్ ప్రాక్టీషనర్స్ బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఉన్నాడో లేడో తెలిసిపోతుంది. అలాంటి ఏజెంటుకు కట్టిన ఫీజు మరుసటి ఏడాది మీరు మినహాయింపుగా చూపించొచ్చు కూడా.

ఇప్పటికే ఇలాంటిది చేసి ఉంటే? ఉత్తరం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా మీరే రిటర్న్ సవరించండి. మీ అంతట మీరు చెప్తే జరిమానా బాగా తగ్గుతుంది.

రిటర్న్ మీరే వేసుకుంటే పైసా ఖర్చు లేదు. మైగవ్ ద్వారా ఆన్‌లైన్‌లో అక్టోబర్ 31 లోపు వేయాలి. జులై మొదటి రోజునే తొందరపడకండి. నెలాఖరుకి యజమాని, బ్యాంకు పంపిన వివరాలు అందులో వాటంతటవే నిండి ఉంటాయి. ఏటీఓ యాప్‌లో రసీదు ఫొటో తీసి దాచుకునే సదుపాయం ఉంది. బూట్లు కొన్న రోజే తీసేయండి, థర్మల్ కాగితం మీద అక్షరాలు ఏడాదికల్లా మాసిపోతాయి. రిటర్న్ వేశాక ఐదేళ్లు వాటిని ఉంచుకోవాలి.

రసీదుల కన్నా ఎక్కువ మిగిల్చేది ఒకటుంది, మనవాళ్లు వదిలేసేది. మెడికేర్ లెవీ అని ఆదాయంలో 2 శాతం పన్ను ఉంటుంది. మన దేశం నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లకు మెడికేర్ వైద్యం వర్తించదు, కాబట్టి ఆ పన్నూ కట్టక్కర్లేదు. దానికి సర్వీసెస్ ఆస్ట్రేలియా నుంచి ఒక ధ్రువపత్రం తెచ్చుకుని రిటర్న్‌లో మినహాయింపు అడగాలి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఈ లెవీ పడకపోవచ్చు గానీ, పూర్తిస్థాయి ఉద్యోగంలో చేరాక ఇంకా తాత్కాలిక వీసాలోనే ఉన్నవాళ్లకు 70,000 మీద ఇది 1,400 డాలర్లు. నిజాయతీగా, బూట్లూ బ్యాగులూ ఏమీ లేకుండానే.

చదువయ్యాక తిరిగి వచ్చేస్తుంటే సూపర్ అనే రిటైర్మెంట్ ఖాతాలో యజమాని వేసిన సొమ్మును కూడా వెనక్కి అడగొచ్చు. వీసా ముగిసి, దేశం దాటాకే ఇస్తారు, సాధారణంగా 35 శాతం పన్ను కోసుకుని. ఆఖరి ఏడాది రిఫండ్ మాత్రం ఆస్ట్రేలియా బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. విమానం ఎక్కేముందు అన్నీ సర్దేసుకునే హడావుడిలో ఆ ఖాతా మూసేయకండి.